చాపరాయి దగ్గర ఎక్కిన సీతాఫలాల గంపలు

మా వదిన కరుణ విశాఖలో ఒక మిషన్ బడిలో టీచరుగా చేసి ఈ మధ్యే రిటైరయింది. ఏటా పిల్లల్ని అరకు విహారయాత్రకు పంపేది కానీ తాను ఎప్పుడూ వెళ్ళలేదు. తన సీటులో ఇంకో పిల్లని కూర్చోబెట్టేది. ఇప్పుడైనా చూడాలంది. అలా అక్టోబరు నెలాఖరులో ఒక శనివారం ఆవిడ, ఆవిడ తమ్ముడైన మా ఆయన సుధీర్, నేను బయలుదేరాం. అక్కాతమ్ముళ్ళిద్దరినీ బంధువులు పిసినారులంటారు. ఇద్దరూ ఒకటే అని నేను కూడా అనుకునేదాన్ని.

పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాం. అద్దాల పెట్టె టిక్కెట్టు చాలా ఎక్కువని వదిన జనరల్ పెట్టెకే తీయించింది. మనిషికి యాభై రూపాయల లోపే అయింది. కిటికీ దగ్గర కూర్చుంటే సొరంగాలు, లోయలు బాగానే కనిపించాయి. పదకొండు దాటాక అరకులో దిగాం. స్టేషను బయట జీపు డ్రైవరు కొండబాబు రోజంతా తిప్పడానికి రెండువేల ఐదువందలు అడిగాడు. సుధీర్ రెండుసార్లు వెనక్కి తిరిగి నడిచి, చివరకు పదహారు వందలకు దించాడు. ఆ పొద్దు మరో బేరం కనబడక డ్రైవరు ఒప్పుకున్నాడు.

డుంబ్రిగుడ మీదుగా చాపరాయి అరగంట దారి. అక్కడ రాళ్ళ మీంచి జారే నీళ్ళ పక్కన కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర విప్పాం. వెదురు బొంగులో కాల్చే చికెన్ ముగ్గురికీ ఒక్క బొంగే చాలంది వదిన. వండినావిడ చెప్పిన ధర ఇచ్చేసి, ప్రార్థన చేసుకుని తింది.

తిరిగి జీపు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన దేవుడమ్మ అనే గిరిజన రైతు నాలుగు గంపల సీతాఫలాలతో నిలబడి కొండబాబుతో మాట్లాడుతోంది. హుకుంపేట సంతకు వెళ్ళాలట.

"సంతకి జనాన్ని తోలే సర్వీసు జీపు ఇయ్యాల పాడైపోనాది బాబూ" అన్నాడు కొండబాబు. "పళ్ళు మెత్తబడిపోనాయి. వచ్చే సంత దాకా ఉండవు."

"బండి మొత్తం మేం మాట్లాడుకున్నాం కదా" అన్నాడు సుధీర్. "పైగా అటు వెళ్తే మాకు సాయంత్రం రైలు అందదు. కాఫీ తోటలు కూడా చూడాలి."

దేవుడమ్మ బతిమాలలేదు. గంపల మీద కప్పిన ఆకులు సర్దుకుంటూ నిలబడింది. వదిన ఆవిడకేసి చూసి, జీపు వెనక తలుపు తీసింది.

"రైలు పోతే పాడేరులో బస్సుందిరా. బేగి ఎక్కమ్మా" అంది. ఒక గంపను తన ఒళ్ళో పెట్టుకుంది.

దారిలో వదిన అడిగితే, దేవుడమ్మ తనూ కొడుకూ తెల్లవారకముందే కొండ మీద కోసి దింపామని చెప్పింది. "ఈ పళ్ళతోనే కోడలికి మందులు కొనాల" అంది. సుధీర్ ముందు సీట్లో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సంతకు చేరేసరికి మైదాన ప్రాంతం నుంచి వచ్చిన వ్యాపారులు వ్యాన్లకు తాళ్ళు బిగిస్తున్నారు. దేవుడమ్మ గంప నెత్తికెత్తుకుని దాదాపు పరిగెత్తింది. మొదటి వ్యాపారి చెప్పిన ధరకు తల అడ్డంగా ఊపి ఇంకో వ్యాన్ దగ్గరికి నడిచింది. అక్కడ నాలుగు గంపలకూ బేరం తెగింది. తిరిగొచ్చి కొండబాబు చేతిలో సర్వీసు జీపుకిచ్చే చార్జీ పెట్టింది.

"బండి మాది కదా, అది మాకు రావాలి" అన్నాడు సుధీర్. నవ్వుతూనే అన్నాడు గానీ చెయ్యి చాపాడు.

కొండబాబు నోట్లు ఇచ్చేయాలా అన్నట్టు వదిన వైపు చూశాడు.

"జేబులో పెట్టుకో కొండబాబూ" అంది వదిన. దేవుడమ్మ వెళ్ళిపోయాక తమ్ముణ్ణి పక్కకు పిలిచింది. "ఏటిరా ఇది?"

"నేనేం తప్పు చేశానక్కా? నువ్వు మాత్రం రూపాయి రూపాయి చూసుకోవా?"

"చూసుకుంటాను. అమ్మ కూడా చూసుకునేది. మన పళ్ళెంలో తగ్గించింది గానీ పాలవాడికి ఇచ్చేదాంట్లో ఏనాడూ తగ్గించలేదు."

పాడేరు బస్సు కాంప్లెక్సులో దిగాక సుధీర్ డ్రైవరుకు సరిగ్గా పదహారు వందలు లెక్కపెట్టి ఇచ్చాడు. మేం అనుకున్న దారికంటే చాలా ఎక్కువే తిరిగాం. వదిన తన సంచీ వైపు చెయ్యి పోనివ్వలేదు, నన్నూ డబ్బు తీయనివ్వలేదు. "బేరం ఆడింది వాడు" అంది మెల్లగా.

విశాఖ బస్సు బయలుదేరబోతుంటే సుధీర్ పల్లీలు తెస్తానని దిగాడు. కిటికీలోంచి చూస్తే జీపు దగ్గర పర్సు తీసి ఉన్నాడు. కొండబాబు వద్దంటున్నట్టు చెయ్యి ఊపి, తర్వాత తీసుకున్నాడు. సుధీర్ పల్లీలు లేకుండానే వచ్చి కూర్చున్నాడు. ఘాట్ మలుపులు మొదలయ్యాక అక్క తల నిద్రలో పక్కకు వాలుతుంటే తన భుజం ఆనించాడు.

ఆ రోజు కాఫీ తోటలు చూడలేదు, తిరుగు రైలూ ఎక్కలేదు. జనరల్ పెట్టెలో ఇరుక్కున్నది మేమే, ఒక్క బొంగును ముగ్గురం పంచుకున్నదీ మేమే. అది పొదుపు. జీపు దగ్గర మిగిల్చింది మాత్రం కొండబాబు కూలిలోంచి. రెండూ డబ్బు మిగలడమే కాబట్టి ఇంతకాలం తేడా చూడలేదు. సుధీర్ ఇప్పటికీ బేరమాడతాడు, కాకపోతే త్వరగా ఆపేస్తాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. జీపు మాట్లాడుకునేటప్పుడే ఆ దారిలో ఆ రోజు సంత ఉందేమో అడగండి. ఉంటే, ఖాళీ సీట్లలో మనుషుల్ని ఎక్కించుకోవచ్చని, ఆ చార్జీ డ్రైవరుదేనని ముందే చెప్పేయండి.