మురిక్కాలవ పాలైన గంధపునూనె

పోయిన నెల మా మనవరాలు తన స్నేహితురాలి పెళ్లికి కానుక కొనాలని, నన్ను కూడా వెంటబెట్టుకుని మా టాటానగర్‌లో కొత్తగా తెరిచిన ఒక అత్తరు కొట్టుకి తీసుకెళ్లింది. అద్దాల తలుపులు, లోపల వణికించే చలి, బొటనవేలంత సీసాలు ఒక్కొక్కటీ ఒక్కో చెక్కపెట్టెలో పసిపిల్లల్లా పడుకుని ఉన్నాయి. కొట్లో అమ్మాయి నా మణికట్టు మీద ఒక చుక్క రాసింది. ఇది తొలకరికి తడిసిన మట్టి వాసన అనీ, బాగా పాతబడిన గంధపునూనెలో పట్టిందనీ, ఏడాదికి కొన్ని సీసాలే తయారుచేస్తారనీ, మరుగున పడిపోయిన విద్యని మా యజమాని మళ్లీ వెలికితీశాడనీ హిందీలో పాఠం అప్పజెప్పింది. మరుగున పడిపోయిందట. అదేదో తోచక దానంతటదే వెళ్లి ఒక మూల పడుకున్నట్టు. పడుకోలేదమ్మా, దాన్ని పట్టపగలు పదిమందీ చూస్తుండగా ఇదే ఊరి బాగ్‌బేరాలో మా ఆడపడుచు ఇంటి ముందు మురిక్కాలవలో పారబోశారు, పక్కన నేనున్నాను అని చెప్పాను. మనవరాలు నా మోచెయ్యి పట్టుకుని "దాదీ, ధీరే బోలో" అంది. నేనేమీ అరవలేదు. నా గొంతే అంత.

మా వారికి పెద్దక్క ఆవిడ. వదినా అని పిలిచేదాన్ని గానీ వయసులో దాదాపు మా అమ్మంతటిది. వాళ్లది ఇచ్ఛాపురం అవతల సముద్రం ఒడ్డు. అక్కడ మొగలిపొదలు ఊరి చుట్టూ కంచెల్లా పెరుగుతాయి. మా మామగారు ఒరిస్సా వైపు ఒక మొగలి అత్తరు బట్టీలో జీవితమంతా పనిచేశారు. మా అత్తగారు ఆయనకి రెండో భార్య. కన్నతల్లి లేని పిల్ల కావడంతో వదిన ఇంట్లో కన్నా ఆ బట్టీ దగ్గరే ఎక్కువ పెరిగింది. లోకోషెడ్డులో పనిచేసే మనిషికిచ్చి పెళ్లిచేసి టాటానగర్ పంపేటప్పుడు, మిగతా ఆడపిల్లలకి బిందెలూ గంగాళాలూ ఇచ్చినట్టు ఆయన కూతురికి ఒక రాగి డేగ్ ఇచ్చారు. డేగ్ అంటే అత్తరు పట్టే పెద్ద కుండ. దాంతోపాటు మెడ సన్నగా ఉన్న ఒక తోలు కుప్పె, దాని నిండా గంధపునూనె. ఆ నూనె అప్పటికే ఆయన దగ్గర చాలా ఏళ్లుగా నిలవున్నది. రైల్లో వదిన దాన్ని ఒళ్లో పెట్టుకునే వచ్చిందట, పెళ్లికొడుకు పక్కన కూర్చున్న సంగతి కూడా మరిచిపోయి. ఈ మాట చెప్పింది మా అన్నయ్యగారే, అంటే వదిన భర్త. చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఇంకా కాస్త నిష్ఠూరం ఉండేది.

నాకు పెళ్లయి టాటానగర్ పక్కనే గోవింద్‌పూర్ కాపురానికి వచ్చిన ఏడే వదిన పని మొదటిసారి చూశాను. డెబ్బైల చివరి మాట. మొగలిపువ్వు కోసిన పూటే బట్టీ ఎక్కాలి, రైల్లో వస్తే వాడిపోతుంది, కాబట్టి ఇక్కడ మొగలి కుదరదని ఆవిడకి పెద్ద బెంగ. దాని బదులు ఈ ఊరిచ్చినవి తీసుకుంది. కొత్త కాలనీల్లో రోడ్డు పక్క చెట్ల కింద రాలిన పొగడపూలు ఏరి ఎండబెట్టేది. ఎండాకాలం చివర్లో సువర్ణరేఖ ఒడ్డున కుమ్మరివాళ్ల దగ్గర పగిలిన ముంతల పెంకులు తెచ్చేది. పెంకులు డేగ్‌లో వేసి, నీళ్లు పోసి, మూతకి మట్టీ పిండీ కలిపి మెత్తి, కొబ్బరితాడు చుట్టిన వెదురుగొట్టం ఒకటి బిగించేది. గొట్టం రెండో కొస పక్కన నీళ్లతొట్టిలో కూర్చున్న చిన్న రాగిపాత్రలోకి. ఆ పాత్రలో గంధపునూనె. కింద సన్నటి మంట. ఆవిరి వెళ్లి నూనెలో దిగుతుంది, తొట్టిలో నీళ్లు వేడెక్కగానే మార్చాలి. మంట ఒకరు, నీళ్లు ఒకరు చూసుకోవాలి గనక ఏటా ఆ రోజుల్లో నేను వెళ్లి సాయం ఉండేదాన్ని. మొదటిసారి నా మొహంలో అనుమానం చూసి, "మట్టికి ఉట్టినే వాసనుండదు పిల్లా. కాలిన మట్టికి నీల్లు తగిల్తే ఉంటాది. దాన్ని పారిపోకుండా ఒట్టుకోడానికి నూని కావాల, అంతే" అంది.

అంతే కాదని తర్వాత తెలిసింది. బజార్లో కొన్న కొత్త నూనె ఎంత మంచిదైనా ఆవిడకి నచ్చేది కాదు. అది అరుస్తుందనేది. కొత్త గంధం ముందు తనే మాట్లాడేస్తుంది, పువ్వుని మాట్లాడనివ్వదు, ఏళ్ల తరబడి నిలవుంటేగానీ దానికి నెమ్మది రాదు. అందుకని పాలకి తోడువేసినట్టు కొత్త నూనెలో తండ్రి ఇచ్చిన కుప్పెలోది గరిటెడు కలిపి, మళ్లీ అంతే కొత్తది ఆ కుప్పెలో పోసి ఉంచేది. అలా ఆ కుప్పె ఎప్పుడూ నిండుగానే ఉండేది. అన్ని తంటాలూ పడితే ఏడాదికి చిన్న సీసాలు కొన్ని తేలేవి. అవి మా వాళ్ల పెళ్లిళ్లకి వెళ్లేవి. అన్నయ్యగారు బొగ్గు మసిలో పనిచేసి కూడా చెవిలో అత్తరు దూది పెట్టుకుని డ్యూటీకి వెళ్లేవారు. షెడ్డులో ఆయన్ని నవాబుగారనేవారు. ఆయన పైకి విసుక్కునేవారు గానీ దూది మానలేదు.

ఇక ఒక పెద్దమనిషి సంగతి చెప్పాలి. ఊళ్లో మా తెలుగువాళ్ల సంఘానికి పెద్ద, బజార్లో అగరొత్తుల కొట్టు, సంఘం పందిట్లో ప్రతి పూజకీ ముందు వరస. ఆయన కూతురి పెళ్లికి వదిన ఒక సీసా ఇచ్చింది. ఆ వాసన పెళ్లిలో అందరి నోటా పడింది. పెళ్లయిన కొద్దిరోజులకే ఆయన బాగ్‌బేరా వచ్చి కూర్చున్నాడు. "చెల్లెమ్మా, నీ చెయ్యి మంచిది. ఇందులో కాస్త చవకరకం తెల్లనూనె కలుపుకుంటే పది సీసాలయ్యేవి వంద అవుతాయి. మన కొట్టు పేరు వేద్దాం" అన్నాడు.

"కలిపితే అదింక నాది కాదు బాబూ," అంది వదిన, టీ గ్లాసు ఆయన ముందు పెడుతూ. "నాది కానిదానికి నానెందుకు? మీరే సేసుకోండి."

ఆయన టీ తాగి, నవ్వుతూనే వెళ్లాడు.

ఆ మరుసటి ఏడు వానలకి ముందు, డేగ్ పొయ్యి మీదుండగా, ఆబ్కారీ వాళ్ల జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. ఒక సాబు, ఇద్దరు సిపాయిలు. ఏమిటి వండుతున్నావని సాబు హిందీలో అడిగాడు. వదిన ఉన్నమాట చెప్పింది, "మిట్టీ" అని. వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వారు. మట్టి వండుకునే ఆడదాన్ని వాళ్లెప్పుడూ చూడలేదు, అంచేత తమని ఎగతాళి చేస్తోందనుకున్నారు. మూల గోనెసంచిలో ఎండిన పొగడపూలు చూసి, ఇదిగో ఇప్పపువ్వు, సారా కాస్తోంది అని తేల్చేశారు. ఇప్పపువ్వుకీ పొగడపువ్వుకీ తేడా తెలియని మనిషిని సారా పట్టుకోమని పంపినవాళ్లని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. కుర్ర సిపాయి ఒకడు మూత దగ్గర వాసన చూసి, "సాబ్, ఇత్ర్ లగ్తా హై" అన్నాడు. అత్తరులాగే ఉందని ఆ పిల్లాడికైనా అర్థమైంది. సాబు వినిపించుకోలేదు. నేను అడ్డంపడి హిందీలో ఎంత చెప్పినా నా వైపు చూడలేదు. నోట్లో ఖైనీ అటునుంచి ఇటు మార్చుకుని, డేగ్ జీపెక్కించమన్నాడు. నమూనాకని అందులోది కొంచెం సీసాలో పట్టాడు. తర్వాత గోడకి వేలాడుతున్న కుప్పె తీసి, మూత లాగి, గుమ్మం ముందు కాలవలో బోర్లించాడు. అది చిక్కటిది. ఒక్కసారి పడలేదు. పట్టుదారంలా సాగుతూ పడింది. ఆయన దాన్ని విదిలించి విదిలించి మరీ ఖాళీ చేశాడు.

వదిన కాలవ దగ్గర కూలబడి, కొంగు ఆ నీళ్లలో ముంచి పైన తేలుతున్న నూనెని అద్దుకోబోయింది. పిండితే నల్లనీళ్లే వచ్చాయి. మళ్లీ ముంచింది. నేను భుజాలు పట్టుకుని లేపేదాకా ముంచుతూనే ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఆ సందంతా గంధం వాసన. దారిన పోయేవాళ్లు ఆగి, ఇక్కడ ఎవరింట్లో పెళ్లి అని అడిగేవారు.

ఇంట్లో మగవాళ్లు ఆ సాయంత్రమే సమావేశమై, ఊరుకోవడమే మంచిదని తీర్మానించారు. "కేసు కట్టకుండా వొగ్గీసినారు గదా అప్పా, ఇంక అల్లరెందుకు" అన్నారు మా వారు. "మాట రైల్వే వోల్ల దాకా ఎల్తే కోటరు ఊడిపోద్ది" అన్నారు అన్నయ్యగారు. వదిన ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నానేటి సేసినానని ఊరుకోవాల?" అంది.

కొన్ని రోజులాగి నేనూ వదినా రిక్షా ఎక్కి ఆబ్కారీ ఆఫీసుకి వెళ్లాం. సాబు కుర్చీలోంచి కదలకుండా, పరీక్షలో సారా కాదని తేలింది, మీ గిన్నె తీసుకుపొండి అన్నాడు. గిన్నె బయట వరండాలో ఉంది. అడుగున గునపంతో పొడిచిన బెజ్జం. పట్టుకున్న గిన్నెలన్నిటికీ అలాగే పొడుస్తారట, రూలట. "ఔర్ తేల్?" అని అడిగింది వదిన, మరి నూనె సంగతేమిటని. నూనెదేముంది, బజార్లో దొరుకుతుంది, కొనుక్కో అన్నాడు. అయితే మా వీధికొచ్చి సారా కాదన్న ఒక్కమాట అందరి ముందూ చెప్పి వెళ్లమంది. ఆయన నవ్వి, నా మీదెందుకమ్మా కోపం, మీ సమాజంలో పరువుగల మనిషే ఖబరు ఇచ్చాడు, ఆ అగరొత్తుల కొట్టాయన అన్నాడు. తప్పు తనది కాదని చూపించుకోవడానికి అంత తేలిగ్గా చెప్పేశాడు. తిరుగు రిక్షాలో వదిన ఆ డేగ్‌ని ఒళ్లో పెట్టుకుని, బెజ్జంలో వేలు తిప్పుతూ కూర్చుంది.

వినాయకచవితి పందిట్లో ఆ పెద్దమనిషి వెండి పన్నీరుబుడ్డి పట్టుకుని గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ల మీద చిలకరిస్తున్నాడు. వదిన ఎదురుగా ఆగింది.

"అది నా మీద జల్లకండి. ఆబ్కారీ వోల్లకి మా ఇంటి గురించి ఏటి సెప్పినారో, ఈల్లందరి ముందర ఓపాలి సెప్పండి. ఇంటాను."

ఆయన తడబడలేదు. "మన వాళ్ల పరువు కోసం చెప్పేనమ్మా. అనుమానం వచ్చింది, చూసుకోమన్నాను. ఇందులో తప్పేముంది?"

చుట్టూ ఉన్నవాళ్లలో సగంమంది ఇళ్లల్లో పెళ్లికూతుళ్లు వదిన అత్తరు రాసుకునే పీటల మీద కూర్చున్నారు. అందరికీ ఉన్నట్టుండి చెప్పులు వెతుక్కునే పని పడింది. ఇక నావల్ల కాలేదు. "అనుమానమా? మీ అమ్మాయి పెళ్లికి మా వదిన దగ్గర సీసా పుచ్చుకెళ్లారే, అప్పుడొచ్చిందాండీ సారా వాసన?" అన్నాను. నేనేం మైకు పట్టుకోలేదు గానీ పందిరంతా వినబడిందని తర్వాత చెప్పారు. ఆయన మొహం పాలిపోయింది. మా వారు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. ఇంటికెళ్లాక కూడా ఆయన రెండ్రోజులు తన కంచం తనే వడ్డించుకుని తిన్నారు. నేనూ బతిమాలలేదు.

ఆ మాట గోవింద్‌పూర్ నుంచి ఊరి రెండో కొసనున్న సోనారి దాకా పాకింది. దసరా లోపల ఆ పెద్దమనిషి దగ్గర్నుంచి ఒక డబ్బా వచ్చింది. మైసూరు గంధపునూనె, కుప్పెలో పోయినదానికి రెట్టింపు. తెచ్చినతను గుమ్మంలో నిలబడి ఉండగానే వదిన మూత తీసి చాలాసేపు వాసన చూసింది.

"మంచిదే," అంది. "పచ్చిది. నూని పంపినాడు సరే, ఏల్లెలాగ పంపుతాడు?" అని మూత బిగించి, అతని చేతికే తిరిగి ఇచ్చేసింది. ఉంచుకోవలసిందని మగవాళ్లిద్దరూ గొణిగారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించింది.

డేగ్‌కి జుగ్సలాయి బజార్లో కంచరి చేత మాటు వేయించింది. సొంతంగా కొంచెం కొత్త నూనె కొని, అదే కుప్పెలో పోసి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఏటా అత్తరు పట్టింది. అందరూ బాగుందనేవారు, నిజంగానే బాగుండేది. ఆవిడొక్కతే దూది ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంకా అరుస్తంది" అని పక్కన పెట్టేసేది. అది నెమ్మదించకముందే ఎనభైల చివర్లో ఆవిడ పోయింది. అన్నయ్యగారు క్వార్టరు ఖాళీ చేసినప్పుడు ఆ కుప్పె ఎవరి సామాన్లలో కలిసిపోయిందో ఎంత వెతికినా దొరకలేదు. సందు వాసన, ఊరి వాసన అన్నీ మారిపోయాయి. ఆ సాబూ పోయే ఉంటాడు, ఆ పెద్దమనిషి పోయి చాలా కాలమైంది, ఆయన ఫొటోకి సంఘంవాళ్లు ఇప్పటికీ దండ వేస్తారు. తండ్రీ కూతుళ్లు రెండు జీవితాలపాటు కూడబెట్టిన నెమ్మదిని కాలవలో పొయ్యడానికి ఖైనీ నమిలినంతసేపు కూడా పట్టలేదు. నా కోపానికి ఇప్పుడు దాదాపు ఆ నూనెంత వయసు వచ్చింది గానీ, నెమ్మది మాత్రం రాలేదు.