కెర్నల్‌లో పాత కాపలాకు ముందు బంతి

మా కోడలు కంప్యూటర్ పని చేస్తుంది. ఆమెది జనగామ, మాది మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్ అని ఉంటుంది కానీ మా నోట్లో ఎప్పుడూ మానుకోటే. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని కూర్చుంటుంది. నేను కిటికీ అవతల అరుగు మీద బియ్యం చెరుగుతుంటాను. నేను బడికి పోయింది తక్కువ. విన్నది మాత్రం మరిచిపోను. "నీకు సమజ్ కాదులే అత్తమ్మ" అని ఆమె నాతో ఒక్కసారీ అనలేదు. ఈ ముచ్చట మీకు చెప్పగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

ఒకరోజు పొద్దటి నుంచీ కీబోర్డు చప్పుడే లేదు. కిటికీలోంచి తొంగి చూశాను.

"ఏంది బిడ్డా, ఒక్క అక్షరం గూడ కొట్టినట్టు లేదు?"

"ఒకదాన్ని తీసెయ్యాలె అత్తమ్మ. చేతులొస్తలేవు."

"దేన్ని?"

"నాకు పని నేర్పినదాన్ని."

చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లి కూర్చున్నాను. కంప్యూటర్ లోపల కెర్నల్ అని ఒకటి ఉంటుందట. ఇల్లు నడిపే ఇల్లాలి లాంటిది. ఎవరికి ఎంత చోటివ్వాలి, ఎవరి పని ముందు, ఎవరిది వెనక, అన్నీ అదే చూసుకుంటుంది. దాన్ని ఒక్కరు రాయరు. ఏయే దేశాల్లోనో ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండానే, మెయిళ్లు రాసుకుంటూ కలిసి రాస్తారు. వాళ్లలో మా కోడలూ ఒకతె.

"మన పోపుల డబ్బాలు ఉంటయి కద అత్తమ్మ," అన్నది. "ఒకళ్లు వాడి పెట్టిన డబ్బాను ఇంకొకళ్లు తీసుకుంటరు. అందుల కొత్తగ ఏం పొయ్యకముందే చెయ్యి పెడితే ఏమొస్తది?"

"పాత మెంతులో, ఆవాలో. ఏది మిగిలితే అది."

"కంప్యూటర్‌ల గూడ అంతే. నింపకముందే తీస్తే పాత చెత్త వస్తది. ఒకసారి మంచిగనే నడుస్తది, ఒకసారి కూలుతది. ఎందుకు కూలిందో ఎవ్వలకు తెల్వది. నేను తీసేసేది ఆ తప్పు పట్టే పాత పనిముట్టునే. ప్రతి డబ్బా కాడ నిలబడి, నింపినంకనే తీస్తున్నవా అని చూస్తది."

"మంచిదే కద. తీసుడెందుకు?"

"అది చూస్తున్నంతసేపు ఒక్కళ్లే వండాలె. మిగిలిన వంటోళ్లందరు బయటికి పోవాలె. ఆ ఒక్కళ్లు గూడ నత్తలెక్క వండాలె. ఇప్పటి కంప్యూటర్లల్ల ఎంతమంది వంటోళ్లు ఉంటరో. కొత్త పనిముట్టొచ్చింది. అది డబ్బా చేసేటప్పుడే దానికి గుర్తు పెడుతది, అందరు కలిసి వండుకోవచ్చు. పాతదాన్ని ఇప్పుడు ఎవ్వలు వాడుతలేరు. పక్కన పని చేసేటోళ్లకు కాళ్లకు అడ్డం తగులుతున్నది."

పని నేర్చుకునే రోజుల్లో ఆమె రాసిన ఒక ముక్క పదేపదే కూలిపోయేదట. తప్పెక్కడుందో దొరక్క పరేషాన్ అయ్యి, ఈ పని మనకు రాదని మానుకోబోయిందట. అప్పుడు ఈ పనిముట్టే ఫలానా వరుసలో నింపని డబ్బాలో చెయ్యి పెట్టావని చూపించింది. అంతకుముందు దాన్ని ఎలా వాడాలో తెలియక దాన్ని తయారు చేసినాయనకే రాస్తే, ఎక్కడో చలి దేశంలో ఉన్న ఆయన నవ్వకుండా, విసుక్కోకుండా, పిల్లకు ఓనమాలు దిద్దించినట్టు జవాబు రాశాడు.

ఇప్పుడు దాన్ని తీసేసే పని ఈమె మీదికే వచ్చింది. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఏదైనా తీసేసే ముందు, ఇంకా ఎవరైనా వాడుతున్నారా అని అందరినీ బహిరంగంగా అడగాలి. ఈమె అడిగింది. తన యంత్రం పాతదని, కొత్త పనిముట్టు దాని మీద నడవదని ఒకాయన కాసేపు గునిసి, చివరికి యంత్రమే మార్చుకుంటానన్నాడు. ఆ భాగానికి పెద్దమనిషిగా ఉన్నాయన మాత్రం ఒక మాట అడిగాడు. అంతా బాగానే ఉంది, తయారు చేసినాయన ఏమన్నాడు? ఆయన ఒప్పుకోలు లేకుండా నీ మార్పును నేను తీసుకోను.

ఈమె అందరినీ అడిగింది, ఆయనకు మాత్రం విడిగా రాయలేదు.

"ఏ మొఖం పెట్టుకొని అడుగుడు అత్తమ్మ? నాకు అక్షరం చూపినాయనకు, నీ చేతి పని పీకేస్తున్న అని రాయాలెనా?"

నాకు మా మేనత్త గుర్తొచ్చింది. గుర్తొస్తే చెప్పకుండా ఉండలేను కదా, చెప్పాను.

మా పుట్టిల్లు భూపాలపల్లి దిక్కు, చిట్యాల దగ్గర. మా బంధువుల్లో ఏ పెళ్లయినా వంట మా మేనత్త చూపు కిందే జరగాలి. ప్రతి గుండిగెలోకి వంగి చూసేది. కడిగారా, నీళ్లు కొత్తవా పాతవా అని అడిగేది. ఆమె "ఊ" అంటేనే గంటె దిగాలి. వంటవాళ్లు లోలోపల తిట్టుకునేవాళ్లు. కానీ ఒక పెళ్లిలో గోడలకు సున్నం కలిపిన గుండిగెను ఎవరో కడగకుండానే ఎసరుకు ఎత్తబోతే ఆపింది ఆమే. ఆ రోజు వందల మంది సుఖంగా తిని పోయారు.

మా చెల్లె పెళ్లి నాటికి గ్యాసు పొయ్యిలు వచ్చాయి. గుత్తకు మాట్లాడిన వంటవాళ్లు ఒకేసారి అన్ని పొయ్యిలూ వెలిగిస్తారు. మేనత్తేమో మోకాళ్లు పట్టుకుని ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి కుంటుకుంటూ పోతోంది. వంట సాగడం లేదు. ఆమెను వద్దనే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి మా బాపు, నన్ను కన్న మా అవ్వ చేతికి కుంకుమ భరిణె ఇచ్చి వెంట తీసుకుపోయాడు. ఇంట్లో ఉన్న మనిషికే, పరాయి ఇంటికి పిలుపుకు పోయినట్టు బొట్టు పెట్టించి అడిగాడు.

"అక్కా, నా బిడ్డ పెండ్లిల నువ్వు ముందు బంతిల కూసోని తినాలె."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ముందు బంతిలో తిన్నది లేదు. అందరూ తిన్నాక గిన్నెల అడుగున మిగిలిందే ఆమె వంతు. మా బాపు మొహం చూసి అన్నది.

"ఎప్పుడంటవో అని చూస్తున్నర తమ్ముడా. మోకాళ్లు ఎప్పుడో చెప్పినయి, మీరే చెప్పలే."

విస్తరి ముందు కూర్చుంది. రెండు ముద్దలు తిని, వడ్డించేవాళ్లను పిలిచి, "పప్పుల ఉప్పు తక్కువైంది," అన్నది. కొత్త వంటవాళ్లు పరుగెత్తారు.

కోడలు నవ్వి అడిగింది. "మరి ఎవ్వలు అడగకపోతే?"

"పొయ్యి కాడనే ఉండేది, మోకాళ్లు పట్టుకొని."

ఆ మధ్యాహ్నం కీబోర్డు చప్పుడు వినిపించింది. ఏం రాశావంటే చెప్పింది: "నీది తీసేద్దామని చూస్తున్న. నా మొదటి తప్పు పట్టింది అదే. నీ మాట లేకుండ ముట్టను, అని రాసిన."

తర్వాత ఎదురుచూపులు. అన్నం తింటున్నా కన్ను ఫోను మీదే. మా ఆయన ఊరుకోడు కదా. "అలిగిండేమో కోడలా. అల్లుళ్లే అలుగుతరనుకున్న, కంప్యూటరోళ్లు గూడ అలుగుతరా?" అన్నాడు. నేను కళ్లెర్రజేస్తే మా మిరప చెలకకు పోయాడు.

అది మిరపకాయల కాలం. మా చెలకలో ఎండిన కాయను వాకిట్లో కుప్ప పోసి, ఇంటికి ఉంచుకునేదానికి తొడిమలు తీస్తున్నాం. ఆదివారం కావడంతో కోడలూ వచ్చి కూర్చుంది. ఫోను టింగుమంది. ఇద్దరి చేతులూ మంటగా ఉన్నాయి, ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

"గిటు రా జర," అని మా ఆయన్ను పిలిచాను. ఆయన అద్దాలు పెట్టుకుని ఫోను ఎత్తి ఆమె మొహం ముందు పట్టాడు.

"మామయ్యా, తలకిందులు పట్టిన్రు."

"ఇంగ్లీషు ఎటు పట్టినా నాకొక్కటే," అంటూ తిప్పాడు.

ఆమె చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి. అంతలో మరిచిపోయి కారం చేత్తోనే కళ్లు తుడుచుకుంది. నీళ్లు బొటబొటా కారాయి.

"తిట్టిండా?" అన్నాడు మా ఆయన.

"తిట్టలే మామయ్యా. మిరపకాయ."

చెంబుతో చల్లటి నీళ్లు తెచ్చి కళ్లు కడిగాను. అప్పుడు చెప్పింది. "ఆయనే తీసేద్దామని ఎన్నిసార్లో కూసున్నడట. ఆయనకు గూడ చేతులు రాలేదట. ఎవరో ఒకరు చేస్తే బాగుండని చూస్తున్నడట. నువ్వు చేస్తున్నవు, సంతోషం, నా ఒప్పుకోలు కింద రాసుకో అన్నడు." మొహం తుడుచుకుంది. "ఇంకోటి. నేను తియ్యకుండ పాతదాని గుర్తులు కొన్ని వదిలేసిన అంటున్నడు. ఈ డబ్బా కాడ కాపలా వద్దు అని అప్పట్ల వేరేటోళ్లు రాసిన దాంట్ల గూడ ఆయన గుర్తులు పెట్టిండట. ఒక్కొక్కళ్లను అడిగి పెట్టిండు కాబట్టి యాదికున్నయట. ఏడేడ ఉన్నయో చెప్పిండు."

"అంటే ఉప్పు తక్కువైందన్నడన్నట్టు," అన్నాడు మా ఆయన. మేనత్త కథ ఆయనకూ తెలుసు. ముగ్గురం నవ్వాం. ఆమె కళ్ల నీళ్లు మాత్రం ఇంకా ఆగలేదు, అంతా మిరపకాయ వల్లేనని నేనైతే అనుకోలేదు.

ఆ గుర్తులన్నీ తీసి మళ్లీ పంపింది. పెద్దమనిషి తీసుకున్నాడు. "పోయింది అత్తమ్మ," అని కిటికీలోంచి చెప్పింది.

"ఇప్పుడు ఏం మారింది?"

"పైకి ఏం మారలే. అది పట్టిన తప్పులు దిద్దినయి దిద్దినట్టే ఉన్నయి. నేను దిద్దుకున్నది గూడ ఉన్నది."

నా కోడలిని ఈ పనిలో నిలబెట్టిన ఆ పనిముట్టును నేను చూడలేదు, చూసేదీ కాదు. దాన్ని చేసినాయన పేరు నాకు నోరు తిరగదు. అయినా చేట దించి ఒక మాట అన్నాను. "మానుకోట దిక్కు వస్తే ముందు బంతి నీదే అని రాయి బిడ్డా."

రాసింది. బంతి అంటే ఏమిటని ఆయన అడిగాడట. చాపలు పరిచి, వరుసగా కూర్చోబెట్టి, వేడివేడిగా మొదట వడ్డించేదని చెప్పమన్నాను. ఉప్పు ఎట్లా ఉందో తిని ఆయనే చెప్పాలి.