చెడ్డార్ లోయ అంచున వర్జ్యం

2016 ఏప్రిల్ 2, శనివారం. ఉదయం పదకొండు గంటల నాలుగు నిమిషాలకు మా అమ్మాయి చెడ్డార్ లోయ ఎగువనున్న కార్ పార్కులో కారు ఆపింది. మా ఊరు కోవెంట్రీలో ఎనిమిదింటికి బయలుదేరాం. పదిన్నరకు చేరాల్సింది. మోటార్‌వే మీద ఎవరిదో కారు ఆగిపోయి ముప్పై నాలుగు నిమిషాలు పోయాయి. ఆ ముప్పై నాలుగు నిమిషాలనే చాలాసేపు తిట్టుకున్నాను. తప్పు వాటిది కాదు.

ఆ ప్రయాణం మా ఆయన కంటి కోసం. ఆయన కుడికన్ను 2012లోనే పోయింది. ఎడమకంటి మధ్యలో ఒక మసక మచ్చ ఉండేది. నెలకో ఇంజెక్షన్ మీద అది పెరగకుండా ఆగి ఉంది. ఈ వేసవి దాటాక ఏమవుతుందో చెప్పలేమని కంటి డాక్టరు ఫిబ్రవరిలో అన్నాడు. మా ఆయనా డాక్టరే, ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చి రిటైరైన మనిషి. ఆ మాటకు అర్థం నాకంటే ముందే ఆయనకు తెలుసు. ఇంటికొచ్చి కోటు విప్పుతూ అన్నారు: "చెడ్డార్ చూసొద్దామోయ్. ఇద్దరం."

1981 అక్టోబరులో ఆయన ఆ వైపు ఒక ఆసుపత్రిలో ఆరు వారాలు పనిచేశారు. అప్పుడు తోటి డాక్టరొకడు ఆయన్ని ఆ లోయ అంచుకు తీసుకెళ్ళాడు. నాకప్పుడు ఏడో నెల. కోవెంట్రీలో ఫ్లాట్ దాటి ఎక్కడికీ కదల్లేదు. ఫోనులో ఆయన "నువ్వు చూడాలి" అన్నారు. ఆ మాటకు ముప్పై నాలుగేళ్ళ ఆరు నెలలు.

లోయను పైనుంచి చూడటానికి రెండు చోట్లు. ఒకటి అందరూ వెళ్ళేది. ఊళ్ళోనుంచి రెండు వందల డెబ్బై నాలుగు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ, ఎక్కినంతసేపూ ముందూ వెనకా జనం. రెండోది ఆయన అప్పుడు చూసింది. ఎగువన కారు ఆపి, పొలం గేట్లు దాటి, మైలున్నర రాళ్ళదారి. అక్కడ కమ్మీ లేదు, మనుషులు లేరు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండింటికీ కాగితం మీద నిమిషాలు వేశాను. మెట్ల దారి ఇరవై ఐదు నిమిషాలు. రాళ్ళదారి ఆయన నడకకు గంట.

"మెట్లే బెటర్ అమ్మా. ఎవ్రీవన్ గోస్ దేర్," అంది అమ్మాయి ఫోనులో. అది వాట్‌ఫర్డ్‌లో ఉంటుంది. మమ్మల్ని తీసుకెళ్ళడానికి ముందురోజే మా ఇంటికి వచ్చింది.

ఆయన ఒక్కమాటే అన్నారు: "గుంపులో నాకు కనబడదు. కుడిపక్కనించి ఎవడో ఒకడు తగుల్తానే ఉంటాడు. కింద లోయ చూడనా, వాణ్ణి చూడనా?"

అందుకని ఎవరూ వెళ్ళని దారే నిర్ణయించాను. ఆ నిర్ణయం ఇప్పటికీ సరైనదే అనుకుంటాను.

అయితే నాకు భయం. ఫిబ్రవరి 21న ఆయన మా ఇంటి వెనక మెట్టు కానక పడ్డారు. మార్చి 9న మళ్ళీ అక్కడే. అలాంటి మనిషిని కమ్మీ లేని కొండ అంచుకు తీసుకెళ్తున్నాను. భయపడినప్పుడు నేను చేసేది ఒకటే, క్యాలెండరు చూస్తాను. మా ఫ్రిజ్ మీద తెలుగు క్యాలెండరు ఉంటుంది. అందులో వర్జ్యం వేళలు ఇండియా టైములో ఉంటాయి. ఏ పనీ మొదలుపెట్టకూడదనే ఆ గంటన్నరను ఇక్కడి టైములోకి మార్చాలంటే చలికాలం ఐదున్నర గంటలు తీసేయాలి, వేసవిలో నాలుగున్నర. నేను ప్రతి జనవరిలో కూర్చుని, ఏడాది పొడుగునా శనివారాలకు పెన్సిల్‌తో మార్చి రాసి పెట్టుకుంటాను. మా ప్రయాణాలన్నీ శనివారాలే.

ఆ రోజు గడిలో పెన్సిల్‌తో ఉన్నది: 10.50 నుంచి 12.26. అంటే పది యాభైలోగా నడక మొదలుపెట్టాలి. మేం చేరింది పదకొండూ నాలుగుకు.

"దిగకండి," అన్నాను.

"అమ్మా, సీరియస్లీ?"

"పన్నెండూ ఇరవయ్యారుకి బయల్దేరదాం. ఈలోగా పులిహోర తినండి."

"ఎండ చూడు అమ్మా! ఇట్స్ గార్జియస్. వెయిట్ చేసే బదులు కిందకెళ్ళి స్టెప్స్ ఎక్కేసి వద్దాం."

"మెట్లెక్కడం మాత్రం బయల్దేరడం కాదా?"

ముందు సీట్లోంచి ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నారు: "ఏమోయ్, బాత్రూముకి పోవచ్చా? దానికీ వర్జ్యం పనికిరాదా?"

"పోయి రండి. గేటు మాత్రం దాటకండి."

అమ్మాయి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆయన దిగి వెళ్ళి, వచ్చి, మళ్ళీ బెల్టు పెట్టుకుని కూర్చున్నారు. ఎడమకన్ను కాసేపు మూసి, తెరిచి, గేటు పక్కనున్న బోర్డు చదవడానికి ప్రయత్నిస్తున్నారు. "పశువులున్నాయి, కుక్కల్ని కట్టెయ్యండి," అని చదివారు. సరిగ్గానే చదివారు. ఆ రోజు కన్ను బాగుంది.

ఎండ నిజంగానే బాగుంది. పదకొండూ నలభైకి ఒక ముసలి జంట కుక్కతో గేటు తీసుకుని దిగివచ్చారు. అమ్మాయి కిటికీ దించి, పైన ఎలా ఉందని అడిగింది. అంత స్పష్టంగా వాళ్ళెప్పుడూ చూడలేదట. లోయకు ఎదుటి రాతిగోడ మీద మేకల్ని కూడా లెక్కపెట్టారట, పదకొండు.

"పదకొండంట," అన్నారు ఆయన నాతో.

పన్నెండూ ఇరవయ్యారుకు గేటు దాటాం. అమ్మాయి ఆయన కుడిచేయి పట్టుకుంది, నేను ఎడమవైపు ఒకడుగు ముందు నడిచాను. రాయి వచ్చినప్పుడల్లా "రాయి" అంటున్నాను, గుంట వచ్చినప్పుడు "గుంట". నలభై రెండు సార్లు అన్నాను. పన్నెండూ యాభై ఐదుకు పడమటి నుంచి, సముద్రం ఉన్న వైపు నుంచి మబ్బు దిగడం మొదలైంది. మొదట చలిగాలి అనుకున్నాం. తరవాత దారిలో ముందున్న పొలం గోడ కనబడలేదు. అమ్మాయి ఆగి నా వైపు చూసింది. వెనక్కి పోదామా అని దాని చూపు. ఆయన ఆగలేదు.

ఒంటిగంటా ఇరవై ఐదుకు గడ్డి అయిపోయి బండ మొదలైన చోటికి చేరాం. అంచుకు పది అడుగుల ఇవతలే అమ్మాయి ఆయన్ని గట్టిగా పట్టుకుని ఆపింది. ముందంతా తెలుపు. కింద ఎక్కడో కార్లు పోతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

"కనబడుతోందా?" అని అడిగారు ఆయన.

"లేదండీ. మబ్బు."

"ఓహో, మబ్బా," అన్నారు. కాస్త తేలికపడినట్టే అన్నారు. తన కన్నే ఆరిపోయిందని అప్పటిదాకా అనుకున్నారట. కారెక్కాక చెప్పారు.

అక్కడ నిలబడి ఆయన చేయెత్తి చూపించారు. "ఇదిగో, ఇక్కడ నేల తెగిపోద్ది. అడుగున రోడ్డు, పిల్లల రిబ్బనంత. ఎదురుగా గోడ, బూడిద రంగు, మధ్యమధ్యలో చెట్లు రాతిలోంచే పుట్టుకొస్తాయి. మేకలు అదిగో అక్కడ."

"ఎంత లోతండీ?"

"నీకు లెక్కే కావాలి."

నేను ఆయన వేలు చూపిన వైపల్లా చూశాను. పావుగంట ఉన్నాం. మబ్బు కదల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు గంటా పన్నెండు నిమిషాలు పట్టింది. కిందికి వచ్చాక ఊళ్ళో మెట్ల దగ్గర అమ్మాయి కారు నెమ్మది చేసింది. అక్కడ జనం ఐస్‌క్రీములు తింటూ నిలబడి ఉన్నారు, మబ్బులో కొండ పైసగం లేదు. "చాలమ్మా, కాళ్ళు అయిపోయాయి," అన్నారు ఆయన.

సాయంత్రం ఆరుంపావుకు ఇల్లు చేరాం. డైరీలో వేళలు ఎక్కిద్దామని ఫ్రిజ్ ముందు నిలబడ్డాను. వంటింటి గోడ గడియారం వైపు చూశాను, క్యాలెండరు వైపు చూశాను. అప్పుడు తెలిసింది. ఇక్కడ ఏటా జరిగినట్టే, మార్చి 27 ఆదివారం వేసవి టైముకు గడియారాలు గంట ముందుకు మారాయి. ఆ పొద్దున ఇంట్లో ఏడు గడియారాలు నేనే మార్చాను, ఓవెన్ మీద దానితో సహా. పెన్సిల్ అంకెలు మాత్రం జనవరిలో ఒకే ఊపులో రాసుకుంటూ పోయినవి. మార్చి తరవాత కూడా ఐదున్నరే తీసేశాను.

ఆ రోజు అసలు వర్జ్యం 11.50 నుంచి 1.26. అంటే పదకొండూ నాలుగుకు కారు దిగి నేరుగా గేటు దాటి ఉండవచ్చు. పన్నెండూ నాలుగుకు ఎండలో అంచున ఉండేవాళ్ళం. వర్జ్యం పోవాలని ఆగి, సరిగ్గా అది నడుస్తుండగా బయలుదేరాం.

నేను ఇరవై ఏడేళ్ళు ఆసుపత్రిలో వార్డు రోటాలు, అంటే నర్సుల డ్యూటీ పట్టికలు, వేశాను. మార్చిలో గడియారాలు మారే రాత్రి నర్సులకు గంట తగ్గుతుంది. ఆ గంట లెక్క ఒక్క ఏడాది కూడా తప్పలేదు.

ఆయనకు చెప్పలేదు. జూన్ 11న మళ్ళీ వెళ్దామని అమ్మాయితో ఖాయం చేశాను. అక్టోబరుదాకా ఉన్న ముప్పై శనివారాల అంకెలు చెరిపి మళ్ళీ రాశాను. మే 19, గురువారం పొద్దున ఎడమకంట్లో రక్తం దిగింది. ఆ తరవాత ఆయనకు అంచుల వెలుగే మిగిలింది. మనిషి వచ్చాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు.

"నువ్వెళ్ళి చూసొచ్చి చెప్పు," అని రెండుసార్లు అన్నారు. అమ్మాయి కూడా తీసుకెళ్తానంది. వెళ్ళలేదు.

చెప్పింది 2018 నవంబరులో, ఒక మధ్యాహ్నం టీ దగ్గర. ఎందుకు ఆ రోజే చెప్పానో తెలియదు. మోయడం అలసటైపోయింది, అంతే. ఆయన కప్పు కింద పెట్టడానికి వేళ్ళతో సాసరు వెతుక్కుంటూ నవ్వారు.

"మంచిదేగా. లెక్క సరిగ్గా చేసుంటే ఏం చేసేదానివి? ఇంకో గంట కూర్చోబెట్టేదానివి. ఒంటిగంటా ఇరవయ్యారుదాకా పులిహోర తింటా ఉండేవాళ్ళం. మబ్బు ఎట్టాగూ వచ్చేదే."

నా తప్పును వదిలేయడానికి అన్న మాట అది. అక్కడ ఆగి ఉండవలసింది. కాని లెక్క తప్పుగా చెబితే ఊరుకోలేను, నా జన్మ అంతే.

"కాదండీ. పదకొండూ నాలుగుకి చేరాంగా. పదకొండూ యాభైదాకా వర్జ్యమే లేదు. అప్పుడే బయల్దేరేవాళ్ళం."

ఆయన ముఖం నా వైపే ఉంది, కళ్ళు నా భుజం పక్కన ఎక్కడో ఉన్నాయి.

"అవును," అన్నారు. "పన్నెండింటికి ఎండ ఉంది కదూ."

టీ చల్లారింది. ఇంకోటి పెట్టమంటారా అంటే వద్దన్నారు. చెడ్డార్ మాట తరవాత మా ఇద్దరి మధ్య రాలేదు.

ఇది రాస్తున్నది 2019 జూన్‌లో. పోయినవి ఇవి. కారులో కూర్చున్న గంటా ఇరవై రెండు నిమిషాలు. ఒక ఎండ పూట. పదకొండు మేకలు. ఆయన ఎడమకన్ను, అది నా లెక్క వల్ల పోలేదు. అది చూడవలసిన చివరి దూరపు దృశ్యం, అది నా లెక్క వల్ల పోయింది. మబ్బు ఎట్టాగూ వచ్చేదేనన్న మాట, ఆయన ఇచ్చారు, నేను దిద్ది తిరిగి ఇచ్చేశాను.