ఇద్దరి కరకర

ఆదివారం సాయంత్రమైతే ఇందిరాణి బంగాళాదుంపలు బొటనవేలంత మందాన కోస్తుంది. రాజపాళయం గుడ్డల కొట్లో వారమంతా కొలిచి కత్తిరించే చెయ్యి కదా, ముక్కకూ ముక్కకూ తేడా రాదు. చల్లటి నీళ్ళలో నానబెట్టి, సత్రపట్టి నుంచి వచ్చే పలచటి బ్యాండేజీ గుడ్డలో పరిచి, పసిపిల్ల తల తుడిచినట్టు తడి అద్దుతుంది. సన్నటి సెగ మీద ఒకసారి వేయించి, ఫ్యాను కింద ఆరనిచ్చి, మళ్ళీ పెద్ద మంట మీద ఎర్రగా దించుతుంది. ఆ తర్వాత చక్రాలుగా కోసిన ఉల్లిపాయలను జారుగా కలిపిన బియ్యప్పిండిలో ముంచి అదే నూనెలో వేస్తుంది. చేసేదీ తనే, తినేదీ తనే. పళ్ళెం మాత్రం ఇద్దరికి సరిపడా నిండుతుంది. చెల్లెలు యువశ్రీ పెళ్ళయి సేత్తూరు వెళ్ళిపోయినా ఆ కొలత మారలేదు.

మొన్న ఆదివారం మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే చెల్లెలి ఫోను వచ్చింది. ఎప్పుడూ పాడే పాటే.

"ఒంటిగా ఎన్నాళ్ళుంటావక్కా? మా ఇంటికే వచ్చేయి. అవునూ, ఏమా కరకర? ఎవురన్నా వచ్చినారా?"

ఇందిరాణి ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఆఁ, పక్కింటి వల్లి వచ్చింది. తింటా ఉండాము."

బంగాళాదుంప ముక్కను ఫోను దగ్గర గట్టిగా కొరికింది. కాస్త పక్కకు జరిగి, ఉల్లిచక్రాన్ని మెల్లగా కొరికింది. మళ్ళీ ఇది, మళ్ళీ అది.

"సరిక్కా, మాట్లాడుకోండి," అని చెల్లెలు తృప్తిగా ఫోను పెట్టేసింది.

ఇందిరాణి నమలడం ఆపింది. వల్లి అప్పుడే లేచి వెళ్ళిపోయినట్టు ఇల్లు బోసిపోయింది.