మా అత్త బడిలో బుడ్డల కాలం

మా అత్త పోయింది. దసరాకు వారం ముందు, మధ్యాహ్నం పిల్లలకు అన్నాలు పెట్టి, వాళ్లను పండబెట్టి, పక్కనే తానూ చాప మీద ఒరిగిందట. పిల్లలు లేచారు, ఆమె లేవలేదు. గిన్నెలు కడిగి లోపలికి వచ్చిన ఆయాకు పిల్లలంతా నోటి మీద వేలేసుకుని కనిపించారు. టీచరమ్మ పండుకుంది, సప్పుడు చేయొద్దన్నారట. ఆయా మా ఇంటికి పరిగెత్తుకొచ్చి వాకిట్లో నిలబడి ఏడుస్తుంటే, కుట్టుమిషను ముందు కూర్చున్న నాకు సంగతి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది.

ఆలూరుకు దగ్గరలోని మా ఊళ్లో ఆమె అంగన్‌వాడీ టీచరు. ఊరందరికీ టీచరమ్మ, నాకు అత్త. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. ఆ లెక్కన నేనిప్పుడు ఉత్తమురాలినైపోయాను. ఆ పేరు నాకు అక్కర్లేదు. రోజుకో మాట అనిపించుకుంటూ ఆమెతో ఇంకో పదేళ్లు బతికి ఉంటే చాలనిపిస్తుంది.

మట్టి ఇచ్చి వచ్చిన సాయంత్రం సువార్తమ్మ వచ్చి మా అరుగు మీద కూర్చుంది. ఆమె కూలి పనికి పోయే మనిషి. కూతురు ఎస్తేరు నాలుగో తరగతి, కొడుకు మాత్రం ఇంకా అత్త దగ్గరే ఆడుకునే వయసు. కళ్లు తుడుచుకుని అంది.

"టీచరమ్మ ఉండాదనే ధైర్నంతో పిల్లోళ్లను ఈడ ఇడ్సి పోతాంటిమి అక్కా. ఈ తూరి ఎవుర్ని నమ్మి ఇడ్సేది? ఎంటేసుకోని పోవాల్సిందే."

ఆమె అన్నది సుగ్గి సంగతి, అంటే ఏటేటా పని కోసం పోయే వలస. దసరా దాటితే మా వైపు మెట్ట చేలల్లో పని అయిపోతుంది. లారీలు వచ్చి ఊరి నడుమ ఆగుతాయి. ఇళ్లకు తాళాలు వేసుకుని జనం పత్తి తీతకు, తర్వాత మిరప కోతకు గుంటూరు వైపు పోతారు. ఉగాది దగ్గరపడితేగాని తిరిగి రారు. వెంట పోయిన చిన్న పిల్లలు చేల గట్ల మీద, పట్టల కింద పెరుగుతారు. తిరిగొచ్చేసరికి నేర్చుకున్న పాటా మాటా అన్నీ మరిచి ఉంటారు. అవ్వాతాతలు ఊళ్లో ఉన్న పిల్లల్నైనా ఇక్కడ నిలబెట్టాలని మా అత్త ఉద్యోగం చేసినన్నాళ్లూ పోరాడింది. ఆమె లేని ఈ మొదటి సుగ్గికి ఎంతమంది నిలుస్తారన్నదే మా అందరి దిగులు.

ఆమె పోరాటం ఎలా ఉండేదో చెప్పాలి. వినాయక చవితి వెళ్లిందంటే ఆమెకు పూనకం వచ్చేది. మా ఇంట్లో చాట ఉండేది కాదు, జల్లెడ ఉండేది కాదు. బియ్యం చెరగాలంటే నేను అంగన్‌వాడీకి పోయి, పిల్లల చేతుల్లోంచి చాట లాక్కోవాలి. వాళ్లు నన్ను దొంగను చూసినట్టు చూసేవాళ్లు. "ఇస్తుందిలేరా, మా కోడలు మంచిదే" అని అత్త వాళ్లకు హామీ ఇచ్చేది.

వేరుశనగను మేము బుడ్డలంటాం. ఆ బుడ్డలు పీకే కాలమే ఆమెకు అసలైన చదువుల కాలం. ఎవరి చేలోనో అడిగి, మట్టితో సహా కట్ట తెచ్చి అంగన్‌వాడీ నడుమ పడేసేది. పిల్లలు చుట్టూ చేరి కాయలు తెంపాలి. ఒంటి గింజవి ఒక కుప్ప, రెండు గింజలవి ఒక కుప్ప, మూడు గింజలవి ఇంకో కుప్ప. ఒలిచి చూడకూడదు. చెవి దగ్గర పెట్టి ఊపి, లోపల ఎన్ని ఉన్నాయో చెప్పాలి. పచ్చి కాయలు మోగవు గదా, అందుకని వారం పాటు మిద్దె మీద ఎండబెట్టేది. ఆ వారం మిద్దె మీదికి కోతులు రాకుండా కాపలా ఎవరనుకున్నారు? నేనే.

కళ్లు మూయించి చెంపకు కంకి తగిలించేది. మెత్తగా గిలి పెడితే కొర్ర, గరుకుగా గీరితే సజ్జ. ఒక పళ్లెంలో ఎర్రమట్టి, ఒక పళ్లెంలో నల్లరేగడి పెట్టి నీళ్లు పోయించేది. ఏది చేతికి అంటుకుని వదలదో పిల్లలే కనిపెట్టాలి. సాయంత్రం ఇళ్లకు పోయేటప్పుడు ఒక్కొక్కరి అవతారం చూస్తే తల్లులకు గుర్తుపట్టడమే కష్టం. ఒకసారి ఒకామె కోపంగా వచ్చింది. అత్త నవ్వి, "మట్టి కడిగితే పోతాదిలే మ్మా, నేర్సింది పోదు" అంది. ఆమెకూ నవ్వొచ్చింది.

ఇవన్నీ సుగ్గికి ముందే ఎందుకు పెట్టుకుంటావని నేనడిగాను. అత్త చాట చెరుగుతూనే చెప్పింది. "ఈ నెల్లో బడి అంటే పిల్లోల్లకు పిచ్చి పట్టల్ల అమ్మీ. లారీ వచ్చినప్పుడు 'నేను రాను పో' అని పిల్ల ఏడ్చల్ల. అప్పుడు గదా అమ్మ నిలబడి ఆలోచన చేసేది."

మా పాపను నేను ఆలూరులో ఇంగ్లీషు మీడియం నర్సరీకి వ్యానులో పంపేదాన్ని. సొంత బడి ఇంట్లో పెట్టుకుని వ్యాను ఎక్కిస్తావా అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఒకరోజు పాప రంగులు వేయాల్సిన కాగితం తెచ్చుకుంది. శరత్కాలమట, వేళ్లున్నట్టున్న ఒక ఆకు బొమ్మ, దానికి ఎరుపు వేయాలట. అత్త అద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఆముదం ఆకు గదా! ఎర్రగ ఏయమంటారేం, తెగులు సోకిందా?" అంది. అది ఇక్కడి ఆకు కాదత్తా, చలిదేశాల్లో ఆకులు ఈ నెలల్లో ఎర్రబడి రాలిపోతాయట అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. ఊరంతటి అడవి ఎర్రగా మారితే ఎలా ఉంటుందో అని చాలాసేపు అడిగింది. పాప పక్కన కూర్చుని గీత దాటకుండా ఎరుపు వేయించింది. మరునాడు తన పిల్లల్ని కంచె దగ్గరికి తీసుకుపోయి, నిజం ఆముదం ఆకు చూపిస్తూ, ఎక్కడో దూరాన దీనికి ఎర్రచీర కట్టుకునే చెల్లెలుందని చెప్పిందట. తెలియనిది తెలిస్తే అంత సంతోషపడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఎస్తేరు అత్త దగ్గర ఉన్న కాలంలో జరిగిందొకటి చెప్పకపోతే ఆమెను తలుచుకున్నట్టే కాదు. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మా పెద్దవాళ్లు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. అత్త పిల్లల్ని కళ్లాలకు తిప్పుతూ ఆ కొలతలు చూపించేది. ఒకరోజు తనిఖీకి సూపర్‌వైజర్ మేడం వచ్చి, ఎస్తేరును పిలిచి, ముందు బుడ్డలు పోసి లెక్కపెట్టమంది.

"లాభం, రెండు, మూడు, నాలుగు..."

"ఆగాగు. ఒకటి ఏదమ్మా?"

"ఒకటి అనగూడదు మేడం. అంటే పంట ఆడికే నిల్సిపోతాది."

మిగతా పిల్లల్ని అడిగినా అదే లెక్క. మేడం నవ్వు ఆపుకోలేకపోయింది గానీ, అత్త ముఖం మాత్రం పాలిపోయింది. ఒకటో తరగతిలో ఇలాగే లెక్కపెడితే పిల్లల గతేమిటని ఇంటికొచ్చి అన్నం సహించక కూర్చుంది. మరునాటి నుంచి "బళ్లో ఒకటి, కళ్లంలో లాభం" అని రెండూ నేర్పింది. అలా సర్దుకోవడం ఆమెకు బాగా తెలుసు.

ఈ కథ ఊరంతా పాకి సువార్తమ్మ చెవిన పడింది. మా ఎస్తేరు మేడంకే బుద్ధి సెప్పిందంట గదా అని మురిసిపోతూ వచ్చింది. అంతకు ముందు ఏడు అత్త ఎంత బతిమాలినా, దుడ్లు లేకనే గదా మ్మా పోతాండేది, పిల్లను ఇడిసి ఎట్ల పోయేది అని వెంట తీసుకుపోయిన మనిషి. ఆ ఏడు తనే అంది.

"ఇడ్సి పోతా టీచరమ్మా. మా అమ్మకు కండ్లు సరిగ్గ కనపడవు, పగులంతా నువ్వే సూసుకోవల్ల. పాప పండుకున్యాక లారీ ఎక్కుతా."

అత్త గొంతు గట్టిపడింది. "పండుకున్యాక పోవద్దు. మేలుకోని ఉన్నెప్పుడు సెప్పి పో. ఏడిస్తే ఏడవనీ. లేసి సూస్తే అమ్మ ల్యాకపోతే, ఆ పిల్ల ఇంక నిద్రపోనీకే భయపడ్తాది."

ఆ ఏడు సువార్తమ్మ చెప్పి పోయింది. ఎస్తేరు రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు బుడ్డల కుప్ప ముందు కూర్చుంది. ఆమెను చూసి మరికొందరు తల్లులు ధైర్యం చేశారు. ఇంతమంది చేత చెప్పి పోయేలా చేసిన మనిషి, తాను మాత్రం ఎవరికీ చెప్పకుండా పోయింది. ఆమె మీద నాకు ఆ కోపం తీరలేదు, ఎప్పటికి తీరుతుందో తెలియదు.

అత్త పెద్దకర్మ అయ్యాక నేను సువార్తమ్మ ఇంటికి పోయాను. పక్క ఊరి టీచరమ్మకు ఇన్‌ఛార్జి ఇచ్చారు, ఆమె వచ్చే రోజుల్లో పిల్లలు సెంటర్లో ఉంటారు, రాని రోజుల్లో మా ఇంట్లో నేను చూసుకుంటానన్నాను. నాకు ఓర్పు తక్కువని ఊరందరికీ తెలుసు. ఒక్క చిన్నపిల్ల లంగా కొలత తీసుకునేలోపే విసుక్కునే దాన్ని. సువార్తమ్మ నన్ను ఎగాదిగా చూసి, "సూద్దాంలే అక్కా" అంది. అంటే లేదనే అనుకుని తిరిగొచ్చాను.

లారీ వచ్చిన పొద్దున మా వాకిట్లో చప్పుడైతే చూశాను. సువార్తమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. వెనకాల ఎస్తేరు, వాడి గుడ్డల సంచి మోసుకుని. సువార్తమ్మ వాడి ముందు గొంతుక్కూర్చుంది.

"నాయనా, నా పక్క సూడు. నేను పత్తి ఏరనీకి పోతాండా. శానా దినాలు రాను. మళ్లీ వస్తా. అంతవరకూ అక్క, అవ్వ, ఈ పెద్దమ్మ ఉంటారు. సెప్పి పోతాండా, ఇన్యావా?"

వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది, దాచుకోలేదు. లారీ హారన్ రెండుసార్లు మోగాక లేచింది. ఆమె వెనకే మరో ఇద్దరు తల్లులు పిల్లల్ని తెచ్చి, అలాగే గొంతుక్కూర్చుని, అలాగే చెప్పి పోయారు. లారీ మలుపు తిరిగేసరికి మా వాకిట్లో ఏడుస్తున్న పిల్లలూ, ఏం చెయ్యాలో తెలియని నేనూ మిగిలాం.

అప్పుడు ఒక చిన్నది నా చెయ్యి లాగింది. "టీచరమ్మ కొర్ర చేనికి పిల్సుకపోతా అన్నెది. ఎప్పుడు పోతాం?"

చేను ఎక్కడుందో నాకు తెలియదు. వాళ్లకే తెలుసు. ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరుస కట్టి, నన్ను వెనక రమ్మని, గట్టు మీద దారి తీశారు. సువార్తమ్మ కొడుకు అందరి ముందు నడిచాడు, ఇంకా వెక్కుతూనే. రెండు పక్కలా తంగేడు విరగబూసి ఉంది. కొంతదూరం పోయాక వాడు ఉన్నట్టుండి ఆగాడు. దారికి అడ్డంగా పోతున్న గొంగళిపురుగును చూస్తూ, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడు. అది గట్టు దిగిపోయేదాకా వరుస మొత్తం కదలకుండా నిలబడింది, చివర నేను కూడా.