పక్కింటి బావ వైఫై డబ్బా

మా పక్కింటి బావ కిందటి వారం మంగళవారం వెళ్లిపోయాడు. పొద్దున్నే గోడ అవతలి నుంచి వాళ్లావిడ పిలిచిన పిలుపులోనే సంగతి తెలిసిపోయింది. మాకు చుట్టరికం లేదు. ఈ ఊళ్లో మగవాళ్లం ఒకరినొకరం పిలుచుకునే బావే. నాకు ముందు గుర్తొచ్చింది మాత్రం అతను తప్పిన మాట. కుర్రతనంలో, కంచరపాలెం గేటు దగ్గర ఇద్దరం రేడియోలు బాగుచేసే కొట్టు పెడదామని చేతిలో చెయ్యేసి చెప్పాడు. నెల తిరక్కుండా స్టీలుప్లాంటు ఉద్యోగంలో చేరిపోయాడు. నేను పోర్టులో గుమాస్తానయ్యాను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను, నాకు చేతనైనట్టు.

రిటైరయ్యాక నాలుగు కుటుంబాలం కలిసి యాత్రలకు వెళ్లేవాళ్లం. గుళ్ల చరిత్రలు నేను చెప్పేవాణ్ని, అందరూ వినేవారు. తర్వాత అతను అరచేతిలో పట్టే ఒక డబ్బా కొన్నాడు. లాడ్జీల్లో గదికి ఒక్క ఫోనుకే వైఫై ఇస్తారు. ఆ డబ్బా దాన్ని అందుకుని, అతని ఇంటి వైఫై పేరుతో, అదే పాస్‌వర్డుతో అందరికీ పంచేది.

"లాడ్జోడికి మనం ఒక్కలమే బావా. ఈ డబ్బా ఎనకాల ఎంతమందిమున్నా ఆడికి అగుపించం" అనేవాడు.

ఏ ఊరు దిగినా కాళ్లు కడుక్కోకముందే దాన్ని ప్లగ్గులో పెట్టేవాడు. ఊళ్లో అందరం అతని వైఫై వాడుకున్నవాళ్లమే కాబట్టి మా ఫోన్లు వాటంతటవే వెళ్లి కలిసిపోయేవి. నా ఫోను కూడా, నన్ను అడక్కుండా. నా గదిలో కుర్చీలు ఖాళీగా ఉండేవి. అతని గదిలో మంచం మీద కూడా చోటుండేది కాదు. మా ఆవిడ కూడా అక్కడే.

పూరీలో ఒక సాయంత్రం నేను రథాల గురించి మొదలుపెడితే, ఒకాయన అవన్నీ ఫోనులో చూసేశామన్నాడు. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. నాకు అదే ఎక్కువ మండింది.

మర్నాడు పొద్దున్న, ఇక్కడ మా ఊళ్లో సీతమ్మధార ఆసుపత్రిలో, మా ఆవిడ చెల్లెలికి ఉన్నట్టుండి ఖాయమైన గుండె ఆపరేషను. లోపలికి తీసుకెళ్లేముందు కాసేపు ఫోనిస్తామన్నారు. ఆ లాడ్జి గదుల్లో సిగ్నలు ఉండదు. అందుకని బావ తెల్లారగానే లేచి, డబ్బా వరండాలో పెట్టి, మా ఆవిణ్ణి తన గదిలో కూర్చోబెట్టాడు. ఎవరి ఫోను చూసినా అతని పేరే. నేను వరండాలోకి వెళ్లి ప్లగ్గు పీకేశాను. ఫోను ఛార్జింగు కోసమని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఒక్క నిమిషం అతను అందరి ముందూ తెల్లమొహం వేస్తే చాలనుకున్నాను.

సరిగ్గా అప్పుడే చెల్లెలి మొహం తెర మీదికొచ్చిందట.

డబ్బా ఆగి మళ్లీ వెలిగితే లాడ్జి వైఫై కొత్త కోడు అడుగుతుంది. అది ఇచ్చే మనిషి టీకి వెళ్లాడు. మా ఆవిడ మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తి ఫోను చేసేసరికి చెల్లెల్ని తీసుకెళ్లిపోయారు. ఆ అమ్మాయి మళ్లీ కళ్లు తెరవలేదు.

ఆవిడ మెట్లు దిగకముందే బావ వరండాలోకి వచ్చాడు. నా చేతిలో ప్లగ్గు చూశాడు, దాన్ని తీసుకున్నాడు, గుమ్మంలోకొచ్చిన ఆవిడ వైపు తిరిగాడు.

"డబ్బా ఏడెక్కిపోనాది సెల్లెమ్మా. తప్పు నాదే. ముందే సూసుకోవాల."

తర్వాత ఎన్నోసార్లు, మా ఆవిడకి నిజం చెప్పేస్తానని అతని దగ్గరికి వెళ్లాను. "ఏటి బావా, ఇప్పుడు సెప్తే ఆ పిల్లొస్తాదేటి" అని టీ పెట్టించేవాడు. ఆ డబ్బాను మళ్లీ ఏ యాత్రకూ తేలేదు. జనం మళ్లీ నా గదికి వచ్చారు. వాళ్లకి ఏం చెప్పానో నాకే గుర్తులేదు.

మొన్న పదోరోజున మా ఆవిడ అతని పటానికి దండ సర్ది, చెంగుతో అద్దం తుడిచింది. "ఆ రోజు సంగతి నా మనసులో నేదన్నయ్యా. ఎప్పుడో తీసీసినాను" అంది. నేను పక్కనే ఉన్నాను. యాభై ఏళ్లలో అతని దగ్గరున్నవి చాలా కావాలనుకున్నాను. ఆ మాట ఒక్కటే నిజంగా నాకు రావాల్సింది, అది కూడా అతనికే వెళ్లింది.

మా ఆవిడ ఈ పత్రిక అక్షరం వదలకుండా చదువుతుంది. అందుకే ఇక్కడ రాశాను. చదివాక తను ఎవరిని తప్పుపడుతుందో తెలీదు. నేను మాత్రం ఇప్పటికీ తప్పుపట్టేది ఆ వరండాలో నా వంక చూసి కూడా నన్ను పట్టివ్వని మనిషిని, మా పక్కింటి బావని.