కవరు తీయని మనిషి

మొన్న మంగళవారం పొద్దున్నే జహనుమాలోని పెద్దబాపు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, ఆయన పోయాడని. రాత్రి మామూలుగానే తిని పడుకున్నాడట, మళ్లీ లేవలేదు. మేం వెళ్లేసరికి ఇంటినిండా జనం. సోఫాలకూ కుర్చీలకూ కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. ఎవరు కాస్త కదిలినా కరకరమని చప్పుడు. ఏడ్చేవాళ్ల కంటే సోఫాలే ఎక్కువ వినిపించాయి. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. పత్తర్‌గట్టిలో తాతల నాటి పెళ్లిబట్టల దుకాణం ఆయనది. మీటరు లెక్కన గుడ్డ అమ్మడమే తప్ప, కుట్టిన బట్టను గడప తొక్కనివ్వలేదు. "రెడీమేడ్‌ల మనం ఒదగాలె బిడ్డా. కుట్టిచ్చుకున్నదైతే అదే మనకు ఒదుగుతది" అనేవాడు. ఇంకో పట్టింపూ ఉండేది. ఏ వస్తువుకీ కవరు తీయకూడదు. "కవరు తీసినమంటే మాల్ పాతదైనట్టే." టీవీ రిమోటు, స్కూటరు సీటు, చివరికి కళ్లద్దాల డబ్బా కూడా కవర్లోనే. "నాకొక్కదానికే తొడగలే" అనేది పెద్దమ్మ.

డిగ్రీలో ఉండగా నేను గేమింగ్ కంప్యూటర్ అడిగాను. కార్ల రేసులంటే నాకు ప్రాణం. ఇంట్లో ఉన్న పాతదాంట్లో నా కారు మొదటి మలుపు తిరిగేలోపు మిగతావాళ్లు గెలిచి ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు. నాన్నది కంచన్‌బాగ్‌లో సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగం. అగ్గిపెట్టెకైనా గ్యారంటీ అడిగే మనిషి. "కంపెనీది తయారున్నదే కొందం. సామాన్లు తెచ్చి బిగిచ్చుడేంది? ఖరాబైతే ఎవర్ని పట్టుకోవాలె?" అన్నాడు. నాకేమో ఒక్కో భాగం ఎంచుకుని నా చేత్తో బిగించుకోవాలని ఆశ.

లొల్లి పెద్దబాపు దగ్గరికి చేరింది. గేమింగ్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. రెడీమేడా, కుట్టించుడా అన్నదొక్కటే అర్థమైంది.

"కుట్టిద్దం" అని తీర్పు చెప్పేశాడు.

అన్న మాట కాదనలేక నాన్న ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. "ఆదివారం నేను ముంగట కూసుంట. ఒక్క ఆట మొత్తం నడవాలె. నడవకుంటే అన్నీ వాపస్ ఇచ్చి కంపెనీది తెస్త. మల్ల ఆటల మాట ఎత్తద్దు."

సామాన్ల దుకాణంలో పెద్దబాపు గ్రాఫిక్స్ కార్డును చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది, "రంగు పోతదా?" అని అడిగాడు. దుకాణదారు నా వంక చూశాడు, నేను సీలింగు వంక చూశాను. దుకాణంవాళ్లే బిగించి ఇస్తామన్నా పెద్దబాపు ఒప్పుకోలేదు. మా ఇంట్లో తెల్లదుప్పటి పరిచి, నేను వీడియో చూస్తూ బిగిస్తుంటే ఒక్కో భాగం తుడిచి అందించాడు. ప్లాస్టిక్ పొర కనబడితే చాలు, చెయ్యి అడ్డం పెట్టి "గది ఉండనీ" అనేవాడు.

తెర వెలిగినప్పుడు చప్పట్లు కొట్టాడు. కారు బయలుదేరింది. "హారన్ కొట్టు బిడ్డా! గట్ల మీదికి పోతవేంది!" రెండో మలుపు దగ్గర తెర నల్లబడి అంతా ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ అంతే. కంప్యూటర్ డబ్బా కుంపటిలా కాలుతోంది.

"ఎండలు గట్లున్నయి. ఫికర్ చెయ్యకు" అన్నాడు పెద్దబాపు. తన దుకాణంలోని ఎయిర్ కూలరును ఆటోలో తెప్పించి కంప్యూటర్ ముందు పెట్టించాడు. కంప్యూటర్ చల్లబడలేదు గానీ ఇంటిల్లిపాదికీ జలుబు చేసింది.

శనివారం ఆ వీడియో మొదటి నుంచీ మళ్లీ చూశాను. ప్రాసెసర్ మీద కూర్చునే ఫ్యాను అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుందట. బిగించే ముందే దాన్ని తీసెయ్యాలట, లేకపోతే వేడి బయటికి పోదట. మేం తీయలేదు. తెల్లారితే నాన్న వచ్చి కూర్చుంటాడు. నా ఆటతోపాటు పెద్దబాపు మాట కూడా పోతుంది. ఫ్యాను ఊడదీసి ఆయన ముందు పెట్టి, సంగతి చెప్పాను.

దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తియ్యాల్సిందేనా?"

"తియ్యాల్సిందే పెద్దబాపూ."

"అయితే నేనే తీస్త." గోటితో మూల లేపి, పుండు మీది పట్టీ లాగినంత మెల్లగా లాగాడు. ఆయన చేత్తో ఒక కవరు ఊడటం నేను చూసింది అప్పుడే. వేడిని లాగే పేస్టు కొత్తగా రాసి ఫ్యాను బిగించాను.

ఆదివారం నాన్న చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రేసు మొత్తం నడిచింది. నేను అందరికంటే చివర వచ్చాను, అయినా పెద్దబాపు నా వీపు తట్టాడు.

"మరి ఇన్నొద్దులు ఏమైంది?" అన్నాడు నాన్న.

"ఎండలు తగ్గినయి తమ్మీ."

బయట ఎండ మండిపోతోంది. నేను తెర వంక తిరిగి ఇంకో ఆట మొదలుపెట్టాను. బతుకంతా పట్టుకున్న పట్టింపును ఆయన నా కోసం వదిలాడు. అంతకంటే పెద్ద బహుమతి నాకెవరూ ఇవ్వలేదు.

కంప్యూటర్ డబ్బాకు ఒక పక్క తలుపులా ఉండే అద్దం మీది పొరను మాత్రం తీయనివ్వలేదు. దాని మూల ఒకటి పైకి లేచేది. వచ్చినప్పుడల్లా వంగి, బొటనవేలితో దాన్ని అదిమేవాడు. "తీసెయ్యరాదా, అసయ్యంగ ఉంది" అని నాన్న ప్రతిసారీ విసుక్కునేవాడు.

నిన్న జహనుమా నుంచి తిరిగొచ్చి చూస్తే ఆ మూల మళ్లీ లేచి ఉంది. నాన్న కంప్యూటర్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. తర్వాత వంగి, బొటనవేలితో దాన్ని అదిమి, చెయ్యి తీయకుండా అలాగే ఉండిపోయాడు.